వడ్డీ రేటుకు, సరుకు ధరకు లంకె ఏమిటి?

రిజర్వు బ్యాంకు నిర్ణయాలు బులియన్, మిర్చి, పత్తి, నూనెల బజార్లను కదిలించే తీరు

రిజర్వు బ్యాంకు ద్రవ్య విధాన కమిటీ సాధారణంగా రెండు నెలలకోసారి సమావేశమవుతుంది. రెపో రేటు పెంచారా, తగ్గించారా, ఉన్నచోటనే ఉంచారా అన్న వార్త వెలువడిన కొద్ది నిమిషాలకే రూపాయి మారకపు రేటు, ప్రభుత్వ రుణపత్రాల ధర కదులుతాయి. ఆ వెంటనే బులియన్ వాయిదా ధరలు కూడా సర్దుకొంటాయి. గుంటూరు మిర్చి యార్డులో గాని, నిజామాబాద్ పసుపు మార్కెట్టులో గాని, వరంగల్ ఎనుమాముల మార్కెట్టులో గాని ఆ రోజున అటువంటి సంచలనం కనిపించదు. పాట సాగుతూనే ఉంటుంది, కాటా పడుతూనే ఉంటుంది.

దీనిని బట్టి బ్యాంకు వడ్డీకీ యార్డు ధరకూ సంబంధం లేదని చాలామంది రైతులు, చిన్న వర్తకులు భావిస్తుంటారు. సంబంధం ఉంది. అది నాలుగు దారుల్లో వస్తుంది. సరుకు నిల్వ ఉంచడానికి అయ్యే ఖర్చు మొదటిది. నిల్వల మీద బ్యాంకులు ఇచ్చే అప్పు పరిమాణం రెండవది. రూపాయి మారకపు విలువ మూడవది. మదుపుదార్లకు ఇతరత్రా దొరికే రాబడి నాలుగవది. ఏ సరుకుపై ఏ దారి బలంగా పనిచేస్తుందో తెలిస్తే, ఎప్పుడు అమ్మాలి, ఎంతకాలం ఆగాలి అన్న నిర్ణయం కొంతైనా లెక్క మీద నిలుస్తుంది.

నిల్వ ఖర్చు లెక్క

వ్యవసాయ సరుకులకు పంట చేతికి వచ్చే నెలల్లో ధర మెత్తగా, రాబడులు తగ్గిన తర్వాత బిగువుగా ఉండడం సహజం. ఈ తేడా కోసమే రైతు గాని, స్టాకిస్టు గాని సరుకును గిడ్డంగిలో పెడతారు. అయితే నిల్వ ఉచితం కాదు.

ఉదాహరణకు మిర్చి ధర క్వింటాలుకు రూ. 12,000 ఉన్నదనుకొందాం. శీతల గిడ్డంగిలో పెట్టిన సరుకు మీద బ్యాంకు 75 శాతం, అంటే రూ. 9,000 అప్పు ఇచ్చిందనుకొందాం. సాలుకు 12 శాతం వడ్డీ చొప్పున ఆరు నెలలకు రూ. 540 అవుతుంది. మిగిలిన రూ. 3,000 రైతు సొంత సొమ్ము. ఆ సొమ్మును 8 శాతం డిపాజిట్టులో వేసుకొని ఉంటే రూ. 120 వచ్చి ఉండేది కనుక అది కూడా ఖర్చే. గిడ్డంగి అద్దె, ఎగుమతి దిగుమతి హమాలీ కలిపి రూ. 400, తరుగు 3 శాతం చొప్పున రూ. 360 అనుకొంటే మొత్తం రూ. 1,420 అవుతుంది. అంటే ఆరు నెలల తర్వాత మిర్చి ధర సుమారు రూ. 13,420కి చేరితే గాని రైతు ఈరోజు అమ్మినదానితో సమానం కాడు. ధర రూ. 13,000 అయినప్పుడు, వెయ్యి రూపాయలు పెరిగిందన్న తృప్తి మిగులుతుంది గాని, లెక్కలో నష్టమే.

ఇదే రైతు బ్యాంకుకు పోలేక నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి బయట తెచ్చుకొన్నాడనుకొంటే వడ్డీ భారం రూ. 1,080కి పెరుగుతుంది. అప్పుడు గిట్టుబాటు కావలసిన ధర రూ. 13,960. ఒకే సరుకు, ఒకే గిడ్డంగి. అప్పు ఎక్కడ దొరికింది అన్నదాన్ని బట్టి క్వింటాలుకు రూ. 540 తేడా వచ్చింది.

ఈ లెక్కలోనే మరొక సంగతి ఉంది. రిజర్వు బ్యాంకు రెపో రేటును పెంచినందువల్ల బ్యాంకు వడ్డీ 12 నుంచి 14 శాతానికి వెళ్లిందనుకొన్నా ఆరు నెలల భారం క్వింటాలుకు రూ. 90 మాత్రమే పెరుగుతుంది. యార్డులో ఒక్క రోజు పాటలోనే అంతకన్న ఎక్కువ హెచ్చుతగ్గులు వస్తుంటాయి. కనుక వడ్డీ రేటు పెరిగితే స్టాకిస్టులు వెంటనే సరుకు దించివేస్తారన్న మాట పూర్తిగా సరికాదు. ధర రెండింతలవుతుందని నమ్మినవాడిని రెండు శాతం వడ్డీ ఆపలేదు. అతనిని ఆపేది అప్పు అసలు దొరకకపోవడమే.

మార్జిను బిగిస్తే ఏమవుతుంది

రిజర్వు బ్యాంకు ఈ సూక్ష్మాన్ని చాలాకాలం క్రితమే గుర్తించింది. 1956 మే నెలలో వరి, బియ్యం నిల్వల మీద బ్యాంకులు ఇచ్చే అప్పులపై తొలిసారిగా ఆంక్షలు ప్రవేశపెట్టింది. ఎంపిక చేసిన సరుకులకే వర్తించే ఈ నియంత్రణలు తర్వాత ఇతర తిండిగింజలు, నూనె గింజలు, వంట నూనెలు, పత్తి, పంచదార, బెల్లం వంటి సరుకులకు విస్తరించాయి. సరుకు విలువలో వర్తకుడు సొంతంగా పెట్టుకోవలసిన వాటాను, అంటే మార్జినును, పెంచడం ఇందులో ప్రధాన సాధనం. కనీస వడ్డీ రేటును, అప్పుల గరిష్ఠ మట్టాన్ని నిర్ణయించడం మిగిలినవి.

మార్జిను ఎందుకు పదునైనదో చిన్న లెక్కతో తెలుస్తుంది. ఒక వర్తకుడి చేతిలో రూ. 25 లక్షల సొంత పెట్టుబడి ఉంది. మార్జిను 25 శాతం ఉన్నప్పుడు అతడు బ్యాంకు నుంచి రూ. 75 లక్షలు తెచ్చి కోటి రూపాయల సరుకు నిల్వ చేయగలడు. మార్జినును 50 శాతం చేస్తే అదే పెట్టుబడితో రూ. 50 లక్షల సరుకే ఉంచగలడు. మిగిలిన రూ. 50 లక్షల సరుకును గడువులోగా అమ్మక తప్పదు. బజారులోని స్టాకిస్టులందరూ ఒకేసారి ఇదే పని చేయవలసి వస్తే అమ్మకాల ఒత్తిడికి ధర జారుతుంది. ధర జారినకొద్దీ తాకట్టులో ఉన్న సరుకు విలువ తగ్గి, బ్యాంకు మళ్లీ మార్జిను అడుగుతుంది. దానితో మరికొంత సరుకు బయటికి వస్తుంది.

1990 దశకంలో ఆర్థిక సంస్కరణలలో భాగంగా ఈ నియంత్రణలను దాదాపుగా తొలగించారు. అయినా సూత్రం చెల్లిపోలేదు. గిడ్డంగి రసీదు మీద అప్పు ఇచ్చే బ్యాంకు, ధరల ఆటుపోట్లు ఎక్కువగా ఉన్న సరుకుకు తానే ఎక్కువ మార్జిను పట్టుకొంటుంది. వాయిదా బజారులో ఎక్స్ఛేంజీలు కూడా ధర ఉద్రిక్తంగా ఉన్నప్పుడు అదనపు మార్జిను విధిస్తాయి. వాయిదా వ్యాపారాన్నే ఆపివేసిన సందర్భాలూ ఉన్నాయి. 2021 డిసెంబరులో సెబీ వరి, గోధుమ, శనగలు, ఆవాలు, సోయా, పెసలు, ముడి పామాయిలు వాయిదా లావాదేవీలను నిలిపివేసింది.

1974 నాటి పాఠం

పరపతి బిగింపు ధరలను ఎంతవరకు దించగలదో చూడడానికి 1974 సంవత్సరం మంచి ఉదాహరణ. 1972-73లో వానలు లేక తిండిగింజల దిగుబడి దెబ్బతిన్నది. 1973 అక్టోబరు తర్వాత చమురు ఎగుమతి దేశాలు ముడి చమురు ధరను కొద్ది నెలల్లోనే దాదాపు నాలుగింతలు చేశాయి. టోకు ధరల ద్రవ్యోల్బణం 1973-74లో 20 శాతానికి, 1974-75లో 25 శాతానికి చేరింది. 1974 సెప్టెంబరు నాటికి ఏడాది కిందటితో పోలిస్తే ధరలు 30 శాతానికి పైగా పెరిగి ఉన్నాయి.

1974 జూలైలో రిజర్వు బ్యాంకు తన బ్యాంకు రేటును ఒకేసారి 7 నుంచి 9 శాతానికి పెంచింది. అదే నెలలో కేంద్ర ప్రభుత్వం ఉద్యోగుల అదనపు వేతనాలను, కరువు భత్యంలో కొంత భాగాన్ని నిర్బంధ డిపాజిట్టుగా మళ్లించింది. కంపెనీల డివిడెండ్లపై పరిమితి విధించింది. ఒక వైపు బ్యాంకు అప్పు బిగిసింది, మరో వైపు జనం చేతిలో ఖర్చుకు మిగిలే డబ్బు తగ్గింది. దాచిన సరుకు బయటికి రాసాగింది. 1975-76లో టోకు ధరలు పెరగకపోగా 1 శాతం పైచిలుకు తగ్గాయి.

అయితే ఈ ఘనత అంతా బ్యాంకు రేటుదే అనడం సరికాదు. 1975లో వానలు అనుకూలించి పంటలు బాగా పండాయి. అప్పు బిగించిన సమయంలోనే సరుకు కూడా సమృద్ధిగా రావడం వల్ల ధరలు దిగాయి. పంట లేని ఏడాది పరపతిని ఎంత బిగించినా లేని సరుకు పుట్టదు. నిల్వలో ఉన్న సరుకు కొంచెం ముందుగా బయటికి వస్తుంది, అంతే.

వడ్డీ పుట్టని సరుకు

బంగారం విషయం వేరు. అది పండేది కాదు, తిని అయిపోయేది కాదు, ఉంచుకొంటే వడ్డీ ఇచ్చేదీ కాదు. కనుక బంగారం ధర మీద వడ్డీ రేటు ప్రభావం మిగిలిన సరుకుల కన్న సూటిగా ఉంటుంది. ఇక్కడ చూడవలసింది బ్యాంకు ప్రకటించే వడ్డీని కాదు. అందులో నుంచి ధరల పెరుగుదలను తీసివేయగా మిగిలే నిజ వడ్డీని. డిపాజిట్టు మీద 7 శాతం వడ్డీ వచ్చి, ధరలు 5 శాతం పెరిగితే మదుపుదారుకు నిజంగా మిగిలేది సుమారు 2 శాతం. ధరలు 9 శాతం పెరిగితే అతని సొమ్ము కొనుగోలు శక్తి ఏటా 2 శాతం కరిగిపోతున్నదన్న మాట. ఆ పరిస్థితిలో వడ్డీ లేని బంగారమే మేలనిపిస్తుంది.

అంతర్జాతీయ బజారు చరిత్ర ఇదే చెబుతుంది. 1971 ఆగస్టు 15న అమెరికా అధ్యక్షుడు నిక్సన్, ఔన్సుకు 35 డాలర్ల చొప్పున విదేశీ ప్రభుత్వాలకు బంగారం ఇచ్చే ఏర్పాటును నిలిపివేశారు. ఆ దశకమంతా అమెరికాలో ధరలు పెరుగుతూ పోయాయి, వడ్డీ వాటిని అందుకోలేకపోయింది. 1980 జనవరి 21న లండన్‌లో ఔన్సు బంగారం 850 డాలర్లు పలికింది. 1979 ఆగస్టులో ఫెడరల్ రిజర్వు పగ్గాలు చేపట్టిన పాల్ వోల్కర్ అప్పటికే పరపతిని బిగించడం మొదలుపెట్టారు. స్వల్పకాల వడ్డీ రేట్లు 20 శాతం వరకు వెళ్లాయి. అంత వడ్డీ వస్తుంటే బంగారం పట్టుకొని కూర్చునేవారు తగ్గిపోయారు. 1982 జూన్ నాటికి ధర 300 డాలర్ల లోపునకు దిగింది. 1999లో 250 డాలర్ల చేరువకు వచ్చింది. 850 డాలర్ల మట్టాన్ని మళ్లీ చూడడానికి 2008 వరకు ఆగవలసి వచ్చింది. శిఖరం వద్ద కొన్నవారు 28 ఏళ్లు నిరీక్షించారు.

2008 ఆర్థిక సంక్షోభం తర్వాత అమెరికా వడ్డీ దాదాపు సున్నాకు దిగడంతో బంగారం తిరిగి పుంజుకొని 2011 సెప్టెంబరులో ఔన్సు 1,900 డాలర్ల దగ్గరకు చేరింది. వడ్డీలు పెరుగుతాయన్న అంచనాతో 2013లో నాలుగో వంతుకు పైగా పడిపోయింది.

కాగా, 2022 తర్వాత ఈ లెక్క కొంత తప్పింది. 2022 మార్చి నుంచి 2023 జూలై వరకు ఫెడరల్ రిజర్వు తన రేటును సున్నా దరి నుంచి 5.25-5.50 శాతానికి పెంచింది. పాత సూత్రం ప్రకారం బంగారం కుప్పకూలవలసింది. అలా జరగలేదు. ఉక్రెయిన్ యుద్ధం తర్వాత రష్యా విదేశీ నిల్వలను పాశ్చాత్య దేశాలు స్తంభింపజేయడంతో, పలు దేశాల కేంద్ర బ్యాంకులు డాలర్లకు తోడుగా బంగారాన్ని పెంచుకోసాగాయి. 2022, 2023, 2024 సంవత్సరాల్లో ఏటా వెయ్యి టన్నులకు పైగా కొన్నాయి. ఈ కొనుగోలుదార్లు వడ్డీ లెక్క చూసేవారు కారు. 2025 అక్టోబరులో ఔన్సు ధర 4,000 డాలర్లు దాటింది. వడ్డీ ఒక్కటే చూసి బంగారం దిగుతుందని 2022లో వాయిదా అమ్మకాలు చేసినవారు దెబ్బతినడానికి కారణం ఇదే.

రూపాయి మారకపు విలువ

అమెరికాలో బంగారం దిగినప్పుడు మన బజారులో దిగుతుందన్న హామీ లేదు. 1980లో మన దేశంలో పది గ్రాముల ధర సుమారు రూ. 1,300. 1990లో సుమారు రూ. 3,200. ఈ పదేళ్లలో డాలర్లలో ధర తగ్గింది. కాని డాలరుకు 8 రూపాయల దరిలో ఉన్న మారకపు రేటు 17 రూపాయలు దాటింది. పైగా బంగారు నియంత్రణ చట్టం 1990 వరకు అమలులో ఉండడం వల్ల సక్రమ దిగుమతులు లేక, స్థానిక ధర అంతర్జాతీయ ధరకు పైనే నిలిచింది. వోల్కర్ వడ్డీ దెబ్బ అమెరికా మదుపుదారుకు తగిలింది గాని, తెలుగు ఇంటి ఇల్లాలి నగలకు తగలకపోవడం ఇందువల్లనే.

లెక్క ఇలా ఉంటుంది. ఒక ఔన్సు 31.1035 గ్రాములు. ఔన్సు 2,000 డాలర్లు, డాలరు 80 రూపాయలు అయితే సుంకాలు కాక పది గ్రాముల ధర రూ. 51,441. విదేశంలో ధర కదలకుండా డాలరు మాత్రం 84 రూపాయలైతే అదే పది గ్రాములు రూ. 54,013 అవుతుంది. రూపాయి బలహీనపడినందుకే రూ. 2,572 పెరిగింది. దీనిపై దిగుమతి సుంకం, జి.ఎస్.టి. అదనం. 2022 జూలైలో సుంకాన్ని 15 శాతానికి పెంచారు, 2024 జూలై బడ్జెట్టులో 6 శాతానికి తగ్గించారు. రెండవసారి ఒక్కరోజులోనే స్థానిక ధర గణనీయంగా దిగింది. ఆ రోజున విదేశాల్లో జరిగినదేమీ అందుకు కారణం కాదు.

రూపాయి విలువ మీద వడ్డీ రేట్ల ప్రభావం 2013లో స్పష్టంగా కనిపించింది. అంతకు ముందు కొన్నేళ్లుగా మన దేశంలో వినియోగ ధరలు 10 శాతం దరిలో పెరుగుతూ, డిపాజిట్ల వడ్డీ దానికి తక్కువగా ఉండడంతో జనం బంగారం వైపు మొగ్గారు. 2012-13లో బంగారం దిగుమతులు 50 బిలియన్ డాలర్లు దాటాయి. కరెంటు ఖాతా లోటు జాతీయోత్పత్తిలో 4.8 శాతానికి చేరింది. 2013 మే 22న ఫెడరల్ రిజర్వు అధ్యక్షుడు బెర్నాంకె, రుణపత్రాల కొనుగోళ్లు తగ్గించవచ్చునని సూచించగానే మన దేశం నుంచి విదేశీ పెట్టుబడులు తరలిపోసాగాయి. మేలో డాలరుకు 55 రూపాయలు ఉన్న రేటు ఆగస్టు చివరకు 68 దాటింది. జూలై 15న రిజర్వు బ్యాంకు బ్యాంకులకు ఇచ్చే అత్యవసర అప్పు వడ్డీని 8.25 నుంచి 10.25 శాతానికి పెంచింది. బంగారంపై సుంకం ఆగస్టు నాటికి 10 శాతానికి చేరింది. అంతకు 22 ఏళ్ల ముందు, 1991 జూలైలో, విదేశ మారకద్రవ్యం అడుగంటి 47 టన్నుల బంగారాన్ని రిజర్వు బ్యాంకు విదేశాల్లో తాకట్టు పెట్టవలసి వచ్చిన సంగతి పాలకులు మరచిపోలేదు.

దిగుమతి సరుకు, ఎగుమతి సరుకు

రూపాయి దిగితే సరుకులన్నిటికీ ఒకే ఫలితం ఉండదు. మన దేశం వంట నూనెల అవసరంలో సగానికి పైగా దిగుమతి చేసుకొంటుంది. పామాయిలు ఇండోనేషియా, మలేషియాల నుంచి, సోయా నూనె దక్షిణ అమెరికా నుంచి, పొద్దుతిరుగుడు నూనె నల్ల సముద్రపు రేవుల నుంచి వస్తాయి. రూపాయి బలహీనపడితే కాకినాడ, కృష్ణపట్నం రేవుల్లో దిగే పామాయిలు ధర ఆ మేరకు పెరుగుతుంది. దానితో పాటు రాయలసీమ వేరుశనగకు కూడా కొంత ఊతం లభిస్తుంది. వినియోగదారుకు భారం, నూనె గింజల రైతుకు ఆసరా. అయితే ఇక్కడ కూడా సుంకానిదే పెద్ద చేయి. 2024 సెప్టెంబరులో ముడి నూనెలపై మూల సుంకాన్ని సున్నా నుంచి 20 శాతం చేశారు, 2025 మే చివర దానిని 10 శాతానికి తగ్గించారు.

మిర్చి, పత్తి ఎగుమతి కాగల సరుకులు. గుంటూరు తేజ రకానికి చైనా కొనుగోళ్లు ప్రధానం. రూపాయి దిగితే విదేశీ కొనుగోలుదారుకు మన సరుకు చౌక అవుతుంది కనుక గిరాకీ పెరగడానికి అవకాశం ఉంటుంది.

పత్తి విషయంలో అమెరికా వడ్డీ రేటు ఎంత దూరం వచ్చి తాకుతుందో 2022లో తెలిసింది. ఆ ఏడాది మే నెలలో న్యూయార్కు వాయిదా ధర పౌనుకు ఒకటిన్నర డాలర్లు మించింది. మన దేశంలో 356 కిలోల కండె లక్ష రూపాయలు దాటింది. తెలంగాణ మార్కెట్లలో గింజ పత్తి క్వింటాలు రూ. 10,000 మించి అమ్మింది. తర్వాత ఫెడరల్ రిజర్వు వేగంగా వడ్డీలు పెంచడం, పాశ్చాత్య దేశాల్లో దుస్తుల గిరాకీ పడిపోవచ్చునన్న భయం కలిసి, అదే ఏడాది అక్టోబరు నాటికి న్యూయార్కు ధర దాదాపు సగానికి దిగింది. మరుసటి సీజన్లో పాత ధర మళ్లీ వస్తుందన్న ఆశతో పలువురు రైతులు పత్తిని ఇళ్లలోనే నిల్వ ఉంచారు. నెలలు గడిచినకొద్దీ ధర రూ. 7,000 వైపు జారింది. ఆ ఏడాది కనీస మద్దతు ధర పొడుగు పింజ రకానికి రూ. 6,380 కనుక అంతకన్న నష్టం తప్పింది గాని, వేచి ఉన్న కాలానికి వడ్డీ, తరుగు, నిప్పు భయం రైతు మీదనే పడ్డాయి.

యార్డు నుంచి బ్యాంకుకు

ఇంతవరకు చెప్పినది బ్యాంకు నిర్ణయం యార్డును తాకే తీరు. దానికి ఎదురుదారి కూడా ఉంది. 2016లో రిజర్వు బ్యాంకు చట్టాన్ని సవరించి, వినియోగ ధరల ద్రవ్యోల్బణాన్ని 4 శాతం వద్ద, అటు ఇటు 2 శాతం తేడాతో, నిలపాలన్న లక్ష్యం పెట్టారు. 2012 ఆధార సంవత్సరంగా ఉన్న ధరల సూచిలో ఆహార పదార్థాలు, పానీయాల వాటా దాదాపు 46 శాతం. అంటే టమాటా, ఉల్లి, కందిపప్పు, వంట నూనెల ధరలు దేశంలోని గృహ రుణాల వాయిదాలను నిర్ణయించే స్థితి ఏర్పడింది.

2024లో జరిగినది ఇదే. ఆ ఏడాది అక్టోబరులో వినియోగ ధరల ద్రవ్యోల్బణం 6.21 శాతానికి, ఆహార ధరల పెరుగుదల 10.87 శాతానికి వెళ్లాయి. 2023 ఫిబ్రవరిలో 6.50 శాతానికి చేరిన రెపో రేటు రెండేళ్లపాటు అక్కడే నిలిచిపోయింది. కూరగాయలు, పప్పుల ధరలు దిగిన తర్వాతనే 2025 ఫిబ్రవరిలో 6.25, ఏప్రిల్‌లో 6, జూన్‌లో 5.50 శాతంగా తగ్గించారు. బ్యాంకులు రిజర్వు బ్యాంకు వద్ద ఉంచవలసిన నగదు నిష్పత్తిని కూడా 4 నుంచి 3 శాతానికి తగ్గిస్తున్నట్లు జూన్‌లో ప్రకటించారు. దీనివల్ల బ్యాంకులకు అప్పులు ఇవ్వడానికి సుమారు రెండున్నర లక్షల కోట్ల రూపాయలు అదనంగా సమకూరుతాయని లెక్కకట్టారు.

రైతుకు ఇందులో ఒక చేదు కూడా ఉంది. ఆహార ధరలు దిగినందుకే వడ్డీ తగ్గుతుంది. 2025 ఫిబ్రవరిలో రిజర్వు బ్యాంకు దాదాపు అయిదేళ్ల తర్వాత తొలిసారి రెపో తగ్గించిన నెలలోనే గుంటూరులో మిర్చి ధర కుంగిపోయింది. 2023లో రూ. 20,000 పైన పలికిన సరుకుకు, కేంద్రం మార్కెట్ జోక్య పథకం కింద క్వింటాలుకు రూ. 11,781 నిర్ణయించవలసి వచ్చింది. గిడ్డంగులలో పాత సరుకు మిగిలి ఉండగానే కొత్త పంట యార్డుకు చేరడం ఇందుకు ఒక కారణం. రెపో రేటు పావు శాతం తగ్గడం వల్ల, పై లెక్క ప్రకారం, ఆరు నెలల నిల్వ మీద రైతుకు మిగిలేది క్వింటాలుకు రూ. 11 చిల్లర. సరుకు నిండిపోయిన బజారును వడ్డీ తగ్గింపు లేవనెత్తలేదు.

గమనించవలసినవి

విధాన ప్రకటన వెలువడినప్పుడు రెపో అంకెను మాత్రమే చూసి సంతోషించడం గాని, కంగారుపడడం గాని పనికిరాదు. తన అప్పుకు ఆ తగ్గింపు వర్తిస్తుందా అన్నది ముందుగా చూసుకోవాలి. 2019 అక్టోబరు నుంచి చిన్న పరిశ్రమలకు, వర్తకులకు ఇచ్చే చర వడ్డీ అప్పులను రెపో వంటి బయటి రేటుకు ముడిపెట్టారు కనుక వారికి మార్పు త్వరగానే చేరుతుంది. బయట తెచ్చిన నూటికి రెండు రూపాయల అప్పుకు ఈ ప్రకటనతో నిమిత్తం లేదు.

తర్వాత సరుకు స్వభావం చూడాలి. బంగారం కొనేవారు అమెరికా నిజ వడ్డీని, రూపాయి రేటును, సుంకాన్ని కలిపి చూసుకోవాలి. నూనెల వర్తకులకు రూపాయి, సుంకం ముఖ్యం. పత్తికి విదేశీ గిరాకీ ముఖ్యం. మిర్చి, పసుపులకు గిడ్డంగులలోని పాత నిల్వ, కొత్త సాగు విస్తీర్ణం ముందు వస్తాయి. వడ్డీ ఆ తర్వాతనే.

అప్పు మీద సరుకు నిల్వ చేసేవారు గిట్టుబాటు ధరను నెలనెలా కాగితం మీద వేసుకోవడం అవసరం. పై ఉదాహరణలో బ్యాంకు అప్పు ఉన్న రైతుకు నెలకు సుమారు రూ. 235 చొప్పున గిట్టుబాటు ధర పెరుగుతూ పోతుంది, బయటి అప్పు ఉన్న రైతుకు సుమారు రూ. 325. వరుసగా రెండు నెలలు యార్డు ధర ఆ మేరకు పెరగకపోతే సరుకులో కొంత భాగమైనా అమ్మి అప్పు తగ్గించుకోవడం క్షేమమని అనుభవజ్ఞులైన కమీషన్ వర్తకులు చెబుతారు. సరుకంతా ఒకే రోజు అమ్మడం గాని, అంతా చివరి వరకు పట్టుకోవడం గాని మంచిది కాదు. అప్పు తీరేంత సరుకు ముందుగా అమ్మితే, మిగిలినదాని మీద బ్యాంకుకు గాని, షావుకారుకు గాని హక్కు ఉండదు. ధర కోసం ఆగే నిర్ణయం అప్పుడు రైతు చేతిలోనే ఉంటుంది.